ఓటీపీ రాని వాళ్లకే కదా వైఫై కావాల్సింది!

మూడేళ్ల తర్వాత సౌదీ నుంచి ఇంటికొస్తున్న మనిషి, సొంత దేశంలో దిగాక ఇంటికి ఒక్క మెసేజ్ పెట్టలేకపోయాడు. ఎయిర్‌పోర్టు నిండా ఉచిత వైఫై అని బోర్డులున్నాయి. చేతిలో మంచి ఫోనే ఉంది. లేనిదల్లా పనిచేసే ఇండియా సిమ్. ఇది జరిగి వారమైంది. నాకు కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

ఆయన మా పెద్దనాన్న కొడుకు. మాది జగిత్యాల దగ్గర ఊరు. హైదరాబాద్‌కు నేరుగా వచ్చే టికెట్ రేటు చూసి భయపడి, మధ్యలో మన దేశంలోనే ఇంకో నగరంలో విమానం మారేలా బుక్ చేసుకున్నాడు. ఆ ఎయిర్‌పోర్టు పేరు రాయను, ఎందుకంటే ఈ తిప్పలు ఒక్కచోటివి కావు. మొదటి విమానం లేటైంది, రెండోది అందలేదు. పొద్దున ఆరింటికి శంషాబాద్‌లో దిగాల్సిన మనిషిని మధ్యాహ్నం ఫ్లైటుకు మార్చారు. ఆ సంగతి మాకు తెలియదు. వదిన, ఇద్దరు పిల్లలు, పెద్దమ్మ, నేను రాత్రి ఒంటిగంటకే కారు మాట్లాడుకుని బయల్దేరాం.

ఆరింటి ఫ్లైటు వచ్చిందని బోర్డు మీద చూపించింది. అందులోవాళ్లంతా ట్రాలీలు తోసుకుంటూ వెళ్లిపోయారు. అన్న రాలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చిన్నది లేచి నిలబడటం, మళ్లీ వాళ్లమ్మ ఒళ్లో కూర్చోవడం. వాట్సాప్‌లో నేను పెట్టిన మెసేజ్‌లన్నిటికీ ఒకే టిక్కు. ఎనిమిదింటికి పెద్దమ్మ ఏడుపు మొదలుపెట్టింది. గల్ఫ్ నుంచి మనిషి రావడం ఆలస్యమైతే మా ఊళ్లలో ఎలాంటి ఆలోచనలు వస్తాయో, ఆ ఇళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు.

అక్కడ అన్న పరిస్థితి ఇది. వైఫై నొక్కితే మొబైల్ నంబరు అడుగుతూ పేజీ తెరుచుకుంది. పాత ఇండియా నంబరు ఎప్పుడో పోయింది. తొంభై రోజులు వాడకుండా, రీచార్జ్ చేయకుండా ఉంటే సిమ్ ఆపేస్తారు, తర్వాత ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు. సౌదీ నంబరు కొట్టి చూశాడు. ఆ సిమ్‌కు రోమింగ్ లేదు, ఓటీపీ రాలేదు. కౌంటర్‌లో అడిగితే పాస్‌పోర్టు స్కాన్ చేసి కోడ్ ఇచ్చే మెషిన్ పై అంతస్తులో ఉందన్నారు. సామాను తోసుకుంటూ అక్కడికి వెళ్తే దాని తెర నల్లగా ఉంది. చివరికి పక్కన కూర్చున్నవాళ్లను అడగడం మొదలుపెట్టాడు: ‘సార్, మీ నంబరు కొడతా, మీకొచ్చే ఓటీపీ చెప్తారా?’

ఒకాయన వినగానే లేచి వేరే సీటుకు వెళ్లిపోయాడు. ఆయన తప్పు లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు, పోలీసులు ఏళ్ల తరబడి మనకు నూరిపోస్తున్నారు. మర్యాదగా ఇంటికొస్తున్న కష్టజీవిని ఈ పద్ధతి మోసగాడిలా నిలబెట్టింది. అన్న ఇంటికొచ్చాక ఫ్లైటు తప్పిందని బాధపడలేదు. ‘ఆయన నన్ను దొంగను జూసినట్టు జూసిండు తమ్మీ’ అన్నాడు. నాలుగో మనిషి, ఎవరో స్టూడెంట్, జాలిపడి ఓటీపీ చెప్పాడట. తొమ్మిదీ ఇరవైకి మాకు మెసేజ్ వచ్చింది: ‘ఫ్లైటు మిస్సయింది. పరేషాన్ గాకుండ్రి.’

భద్రత కోసం కదా అంటారు. నిజమే, ఈ నిబంధన ఊరికే పుట్టలేదు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన ఉగ్రవాదుల ఈమెయిల్, నవీ ముంబైలో ఎవరిదో రక్షణ లేని వైఫై నుంచి వెళ్లిందని తేలింది. తర్వాత 2009లో టెలికాం శాఖ పబ్లిక్ వైఫై వాడేవాళ్ల గుర్తింపు తెలియాలని ఆదేశించింది. దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ ఆదేశంలో రెండు దారులున్నాయి. ఒకటి ఫొటో గుర్తింపు కార్డు నకలు తీసుకోవడం, రెండోది మొబైల్‌కు ఎస్సెమ్మెస్‌లో లాగిన్ వివరాలు పంపడం. అంటే ఓటీపీ ఒక్కటే మార్గమని ఎవరూ అనలేదు. నడిపేవాళ్లకు సులువైన దారి అదే కాబట్టి అదే మిగిలింది, గుర్తింపు కార్డు దారి పై అంతస్తులో నల్ల తెరై కూర్చుంది.

పైగా ఆ రోజు ఆ భద్రతైనా దక్కిందా? వైఫై వాడింది మా అన్న. రికార్డుల్లో ఉన్నది ఆ స్టూడెంట్ నంబరు. రేపు ఏదైనా తేడా వస్తే పోలీసులు వెతుక్కుంటూ వెళ్లేది ఆ పిల్లాడి ఇంటికి. అన్న పాస్‌పోర్టేమో అప్పుడే ఇమిగ్రేషన్‌లో ముద్ర వేయించుకుని వచ్చింది, అంతకంటే గట్టి గుర్తింపు ఏముంటుంది?

ఇంకో ప్రమాదం కూడా ఉంది. అసలు వైఫై అందనప్పుడు జనం ఏది తెరిచి ఉంటే దానికి కనెక్ట్ అవుతారు. 2024లో ఆస్ట్రేలియాలో ఎయిర్‌పోర్టుల్లో అసలుదానిలా కనిపించే నకిలీ వైఫై పెట్టి ప్రయాణికుల లాగిన్ వివరాలు కాజేశాడని ఒకతని మీద అక్కడి పోలీసులు కేసు పెట్టారు. ఓటీపీ పద్ధతి ఇలాంటివాళ్ల నుంచి ప్రయాణికుణ్ణి కాపాడదు.

దుబాయ్‌లో దిగినవాళ్లను అడగండి. ఎయిర్‌పోర్టు వైఫై నొక్కితే చాలు, ఓటీపీ లేదు. అక్కడ వాట్సాప్ కాల్ పోదు గానీ వాయిస్ మెసేజ్ పోతుంది. పరాయి దేశంలో ‘దిగిన’ అని చెప్పుకోగలిగిన మనిషి సొంత దేశంలో చెప్పుకోలేకపోవడం నాకు మింగుడు పడటం లేదు.

ఉచితం అన్న మాట కూడా చూద్దాం. మన టికెట్‌లో యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు అని ఒక లైను ఉంటుంది. ఎయిర్‌పోర్టు సౌకర్యాల కోసం మన దగ్గర వసూలు చేసేదే అది. కాబట్టి ఇది మనకు పెట్టే ధర్మభోజనం కాదు. చక్కగా అడగవచ్చు. నేను అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. పాస్‌పోర్టు మెషిన్ సామాను వచ్చే బెల్టు పక్కనే పెట్టండి, అది పనిచేస్తోందో లేదో రోజూ ఒక మనిషి చూడాలి. అది చెడిపోతే కౌంటర్‌లో మనిషే పాస్‌పోర్టు చూసి కోడ్ రాసివ్వాలి. బోర్డు మీద ‘ఇండియా సిమ్ లేనివాళ్లు ఇక్కడ’ అని హిందీలో, స్థానిక భాషలో రాయాలి. అమెరికా నుంచి పిల్లల్ని చూసి తిరిగొచ్చే అమ్మానాన్నలకూ, సెలవుకొచ్చే విద్యార్థులకూ ఇదే పనికొస్తుంది.

పౌర విమానయాన శాఖ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టాను. మీకూ ఇలా జరిగి ఉంటే తేదీ, టెర్మినల్ వివరాలతో పెట్టండి. ఒక్కరు రాస్తే పక్కన పడేస్తారు.

అన్న వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాడు. ఈసారి వదిన ఆయన పేరు మీద కొత్త సిమ్ తీయించింది. ఆయన వెళ్లాక దాన్ని ఇక్కడి నుంచే క్రమం తప్పకుండా రీచార్జ్ చేయిస్తానంటోంది. ఆ నంబరుకు ఎవరూ ఫోన్ చేయరు. మళ్లీ ఎప్పుడో ఆయన దిగే రోజు ఒక్క ఓటీపీ రావడానికి, అంతే.