మూడో అంకె

రైజెన్ 5 7520యూ అనే ల్యాప్‌టాప్ ప్రాసెసర్ పేరు చదవడం మీకు వచ్చా? రాకపోతే తప్పు మీదే. ఇందుకోసమే దాన్ని తయారుచేసే ఏఎండీ కంపెనీ వాళ్లు అడ్డాదిడ్డంగా రంగులేసి ఒక చక్రం గీసి మరీ చూపించారు. మొదటి 7 అంటే 2023 మోడల్. తర్వాతి 5 దాని తరగతి. ఆ పక్కన నక్కి కూర్చున్న 2 ఉంది చూశారూ, లోపల లెక్కలు చేసే భాగం, అదే కోర్, దాని డిజైన్ జెన్ 2 అని అర్థం. అంటే 2019 నాటి సరుకు. అదే రైజెన్ 5 బోర్డు తగిలించుకున్న 7640యూలో మాత్రం జెన్ 4 ఉంటుంది, కోర్లు కూడా నాలుగు కాదు ఆరు.

ఆ పేరు పెట్టిన మీటింగ్ నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంటుంది. పొడుగాటి టేబుల్. అటువైపు మార్కెటింగ్ పెద్దలు. ఇటువైపు ఒంటరిగా, కాస్త ఒంగి కూర్చున్న జెన్ 2.

"తాతగారూ, మీది ఏ సంవత్సరం?"

"2019 బాబూ."

"ఆ మాట ఈ గది దాటకూడదు. ఇవాళ్టి నుంచి మీరు 2023."

"మోకాళ్లు సహకరించవు నాయనా. జెన్ 4 కుర్రాడు ఉన్నాడుగా."

"అతనూ రైజెన్ 5, మీరూ రైజెన్ 5. అన్నదమ్ముల్లా ఉండండి."

"ఎవరైనా నిలదీస్తే?"

"మూడో అంకెలో చెప్పేశాం కదండీ. అబద్ధమాడే అలవాటు మనకి లేదు."

తాత కళ్లు తుడుచుకుని స్టిక్కర్ వేయించుకున్నాడు. మూలనున్న కొత్త ఉద్యోగి ఒకడు చెయ్యెత్తి, "డబ్బా మీద 2019 డిజైన్ అని రాస్తే పోలా?" అన్నాడు. అందరూ కడుపుబ్బ నవ్వారు. తర్వాతి మీటింగ్‌కి అతన్ని పిలవలేదు.

2023 డిసెంబరులో ఈ ఘోరం చూసి ఏఎండీకి పోటీ కంపెనీ అయిన ఇంటెల్‌కి ధర్మాగ్రహం వచ్చింది. ఇదే 7520యూని ఎత్తిచూపి, ఏఎండీని నకిలీ మందులమ్మేవాడితో పోలుస్తూ స్లయిడ్లు విడుదల చేసి, కొన్నాళ్లకే గుట్టుగా తీసేసింది. సంతోషం. మరి అంతకు రెండు నెలల ముందు 14వ తరం అంటూ డెస్క్‌టాప్‌లకు అంటగట్టిందేమిటి? చాలావరకు 13వ తరమే! ఆ స్లయిడ్ల తడి ఆరకముందే, 2024 జనవరిలో, కోర్ 7 150యూ అనే ల్యాప్‌టాప్ చిప్ వచ్చింది. లోపల అదే పాత 13వ తరం డిజైన్, రాప్టర్ లేక్. కొత్త డిజైన్ మీటియర్ లేక్ కావాలంటే కోర్ అల్ట్రా 7 155యూ కొనాలి. తేడా అంతా 'అల్ట్రా' అన్న ముక్కలో ఉందన్నమాట. గురివింద గింజ కూడా సిగ్గుపడుతుంది.

అంకెలు ఎవరి సొత్తూ కావని 1991లో ఇంటెల్ చిప్ 386 పేరు విషయంలో అమెరికా కోర్టు తేల్చింది. అందుకే 1993లో వచ్చిన చిప్‌కి ఇంటెల్ పెంటియం అనే పేరు కనిపెట్టుకుంది. ఏఎండీ ఆ తీర్పును గుండెల్లో దాచుకుంది. అవతల ఐ3, ఐ5, ఐ7 ఉంటే ఇవతల రైజెన్ 3, 5, 7. 2017లో అవతల ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే చిప్‌సెట్ ఎక్స్299 వస్తే ఇవతల ఎక్స్399. వంద ఎక్కువ. ఇంజినీర్లు చెమటోడ్చాల్సిన పని లేదు, కూడిక వస్తే చాలు.

ఇక్కడి దాకా నవ్వాను. ఇక నవ్వలేను. పిల్ల చదువుకోసం నెలనెలా జీతంలో మిగిల్చి ల్యాప్‌టాప్ కొనే మనిషి ఈ చక్రం ఎక్కడ చూస్తాడు? 5 కంటే 7 మేలనుకుంటాడు, నిరుటిదానికంటే ఈ ఏటిది మేలనుకుంటాడు. ఆ నమ్మకాన్నే కదయ్యా మీరు అమ్ముకుంటున్నది! గోరంత ముక్క మీద కోట్ల ట్రాన్సిస్టర్లు పేర్చగలరు, డబ్బా మీద నాలుగంకెల సంవత్సరం అచ్చు వేయడానికి చోటు లేదా? సిగ్గుండాలి ఇద్దరికీ.

అన్నట్టు, 2024లో ఏఎండీ వరస మార్చింది. రైజెన్ ఏఐ 9 హెచ్ఎక్స్ 370 అట. అవతల ఇంటెల్ అల్ట్రా పేర్లు 155 లాంటి అంకెల్లో నడుస్తుంటే ఇవతల నేరుగా మూడు వందలు. దీన్ని చదవడానికి ఆ చక్రం పనికిరాదు. అలాగని పారేయకండి, తాత ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు.