పశువు పోతే పూర్తి ధర? అమెరికా పరిహారంపై తప్పుడు ప్రచారం

“అమెరికాలో కార్చిచ్చుకు పశువులు చనిపోతే ప్రభుత్వం వాటి పూర్తి ధరను అడగకుండానే రైతు ఖాతాలో వేస్తుంది, అక్కడి రైతుకు పైసా నష్టం ఉండదు, మన రైతుకు దక్కేది శూన్యం” అన్న సందేశం వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది. 2024 ఫిబ్రవరి 26న టెక్సస్ ఉత్తర కొసన అంటుకొని, హెంఫిల్ కౌంటీ సహా పలు పల్లె ప్రాంతాల్లో పది లక్షల ఎకరాలకు పైగా దహించిన స్మోక్‌హౌస్ క్రీక్ మంటలను ముందు పెట్టుకొని చూస్తే ఇందులో ఒక్క మాటా నిలవదు.

“పూర్తి ధర” అన్నది అన్నిటికంటే పెద్ద అబద్ధం. అమెరికా వ్యవసాయ శాఖ పశు నష్టపరిహార పథకం అటువంటి విపత్తుల్లో చెల్లించేది పశువు సగటు మార్కెట్ విలువలో 75 శాతమే. ఆ విలువను కూడా వ్యవసాయ శాఖే పశువు రకాన్ని, బరువును బట్టి దేశమంతటికీ ఒకేలా నిర్ణయిస్తుంది కాబట్టి, తరాల తరబడి ఏరి పెంచుకున్న మేలుజాతి ఆవుకూ నిన్న సంతలో కొన్న ఆవుకూ ఒకటే రేటు. పైగా మందలో ఏటా సహజంగా చనిపోయే సంఖ్యను ముందే మినహాయిస్తారు. 200 ఆవుల మందలో 40 కాలిపోయాయని, సహజ మరణాల రేటు ఒకటిన్నర శాతమని అనుకుందాం. మూడు తీసివేయగా మిగిలిన 37కు 75 శాతం లెక్కిస్తే, రైతు చేతికొచ్చేది 28 ఆవుల ధర కూడా కాదు. చూడి ఆవుల కడుపులోని దూడలకైతే అప్పటి నిబంధనల్లో చోటే లేదు. 2025 జులైలో వచ్చిన చట్టం 2024 జనవరి 1 తర్వాతి నష్టాలకు వర్తించేలా వాటిని చేర్చింది.

“అడగకుండానే” అన్నదీ తప్పే. రైతు కౌంటీలోని వ్యవసాయ సేవా కార్యాలయానికి నష్టం తెలియజేసి, దరఖాస్తుతో పాటు విపత్తుకు ముందు మందలో ఎన్ని పశువులున్నాయో, ఎన్ని చనిపోయాయో రుజువులు చూపాలి. అందుకే కళేబరాలను పూడ్చే ముందే ఫొటోలు తీసి పెట్టుకోవలసి వస్తుంది.

“పైసా నష్టం ఉండదు” అన్నవారు బతికిన పశువును చూడలేదు. పొదుగు కాలిన ఆవు దూడకు పాలివ్వలేదు, గిట్టలు దెబ్బతిన్నది మేతకు నడవలేదు. ఆ మేత కూడా బూడిదైంది. కరవుకు మేత పరిహారమిచ్చే పథకం మంటల విషయంలో కేంద్ర ప్రభుత్వ నిర్వహణలోని భూములకే వర్తిస్తుంది. మంటలు రేగిన ప్రాంతంలోనివి దాదాపు అన్నీ సొంత భూములు. వాటికి మరో పథకం కింద దరఖాస్తు చేయాలి, అందులోనూ వచ్చేది కొంత వాటాయే. కంచెలకు సాధారణంగా 75 శాతం వరకు సాయం అందుతుంది, మిగిలినది రైతే భరించాలి.

ఇక మన రైతుకు శూన్యమన్న మాట. 2022–26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం పాడి గేదెకో ఆవుకో 37,500 రూపాయలు ఇస్తారు, అదీ కుటుంబానికి మూడు పెద్ద పాడి పశువుల వరకే. మంచి ముర్రా గేదె లక్ష పలికే రోజుల్లో ఇది తక్కువే, నాలుగో గేదె పోయిన ఇంటికి అన్యాయమే. కానీ శూన్యం కాదు. అమెరికా పథకంలో నిజంగా మనం అడిగి తెచ్చుకోదగినవి రెండున్నాయి: తలల సంఖ్యపై పరిమితి లేకపోవడం, పరిహారాన్ని మార్కెట్ విలువతో ముడిపెట్టడం. ఈ సందేశం ఆ రెండింటినీ ప్రస్తావించనే లేదు.