సవరణ: షాంఘై లెగోలాండ్, డిస్నీలాండ్ పక్కపక్కన లేవు

పిల్లలతో షాంఘై వెళ్లేవాళ్ల కోసం రాసిన పోస్టులో, లెగోలాండ్ (లెగో ఇటుక బొమ్మల థీమ్ పార్కు) డిస్నీలాండ్‌కి దగ్గర్లోనే ఉందని, ఒకే రోజులో రెండూ చూసేయొచ్చని చెప్పాను. అది తప్పు, మ్యాప్ సరిచూడకుండా రాశాను.

పార్కులు స్వయంగా ఇచ్చిన చిరునామాల ప్రకారం డిస్నీలాండ్ నగరానికి తూర్పున పుడాంగ్‌లో ఉంది. మెట్రో 11వ లైన్ చివరి స్టేషన్‌లో దిగితే చాలు. 2025 జూలై 5న తెరిచిన లెగోలాండ్ మాత్రం నైరుతి మూల, జిన్‌షాన్ జిల్లాలోని ఫెంగ్‌జింగ్ దగ్గర ఉంది. ఊరి ఈ చివర ఒకటి, ఆ చివర ఇంకొకటి. లెగోలాండ్‌కి దగ్గరి హైస్పీడ్ రైలు స్టేషన్ జిన్‌షాన్ నార్త్.

కాబట్టి దేనికి దానికి ఒక రోజు పెట్టుకోండి. ఒక్కటే కుదిరితే, చిన్నపిల్లలున్నవాళ్లకి నా ఓటు లెగోలాండ్‌కే. అది 2 నుంచి 12 ఏళ్ల వాళ్లని దృష్టిలో పెట్టుకుని కట్టిన పార్కు. 26 మీటర్ల ఎత్తున్న 'దాదా' అనే పెద్ద లెగో బొమ్మ కూడా అక్కడే ఉంది. కాస్త పెద్ద పిల్లలు డిస్నీలోని ట్రాన్ అనే రోలర్ కోస్టర్ రైడ్ వదలరు, కానీ దానికి కనీసం 122 సెంటీమీటర్ల ఎత్తుండాలి.

పాత పోస్టు చూసి ఒకే రోజుకి రెండు టికెట్లూ తీసుకుందామనుకున్నవాళ్లు తేదీలు మార్చుకోండి. ఆ పోస్టులో ఈ భాగం సరిచేశాను.