బ్లూగిల్ నోరు చూసి లూర్ కొనండి స్వామీ

నిన్న సాయంత్రం మళ్లీ అదే సీను. డాలస్ శివార్లలో మా కాలనీ వెనక చెరువు గట్టున మన తెలుగు కుర్రాడొకడు కొత్త రాడ్డు, కొత్త రీలుతో నిలబడి, చూపుడు వేలంత పొడవున్న క్రాంక్‌బెయిట్‌ని (చేప ఆకారంలో ఉండే గట్టి లూర్, అంటే బొమ్మ ఎర) గంట నుంచి విసురుతున్నాడు. నన్ను చూడగానే "అన్నా, ఈ పాండ్‌లో చేపల్లేవన్నా" అన్నాడు. వాడి బూట్ల ముందు రెండడుగుల నీళ్లలో పాతిక బ్లూగిల్స్, అంటే ఇక్కడి చెరువుల్లో ఉండే అరచేయంత చేపలు, నిలబడి ఉన్నాయి. క్రాంక్‌బెయిట్ వచ్చినప్పుడల్లా సందులోకి లారీ వచ్చినట్టు అటూ ఇటూ జరిగి దారిస్తున్నాయి.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. వాడి కోసం, మా వాట్సాప్ గ్రూపుల్లో వారానికోసారి "పాన్‌ఫిష్‌కి బెస్ట్ లూర్ చెప్పండి బ్రో" అని అడిగేవాళ్ల కోసం (పాన్‌ఫిష్ అంటే బ్లూగిల్ లాంటి, పెనంలో పట్టే చేపలు) ఈ పోస్టు. విసుగ్గానే రాస్తున్నాను, ఏమనుకోకండి.

ముందు చేప నోరు చూడండి. ఈసారి బ్లూగిల్ పడితే ఫోటో సంగతి తర్వాత, చెయ్యి తడి చేసుకుని దాన్ని పట్టుకుని కింది పెదవి మెల్లగా కిందికి దించండి. చేపేమో అరచేయంత ఉంటుంది, నోట్లోకి మన చిటికెన వేలి కొస కూడా కష్టంగా దూరుతుంది. అంత ఒంటికి ఇంత నోరేమిటా అనిపిస్తుంది. పైగా అది కొరికి తినే రకం కాదు. ఎర దగ్గరికొచ్చి ఆగి, ఎగాదిగా చూసి, నచ్చితే నీళ్లతో సహా లోపలికి జుర్రుకుంటుంది, మనం సాసర్లో టీ జుర్రినట్టు. నోట్లో పట్టకపోతే తోక కొస లాగి వదిలేస్తుంది. "టక్ టక్ మని కొడుతున్నాయి కానీ ఒక్కటీ పడట్లేదు" అంటారే, అదన్నమాట. మీ రబ్బరు పురుగు తోక తెగి వస్తోందేమో చూసుకోండి.

నిజానికి తిండి విషయంలో దీనికి నఖరాలేమీ లేవు. 1960లో షికాగో మేయరు అప్పటి జపాన్ యువరాజు అకిహిటోకి బ్లూగిల్స్‌ని కానుకగా ఇచ్చారు. ఆయన వాటిని పరిశోధనకి ఇస్తే, అవి బయటి నీళ్లలోకి పాకి అక్కడి సొంత చేపల గుడ్లూ పిల్లలూ తినేసి పెద్ద తలనొప్పయ్యాయి. 2007లో, చక్రవర్తిగా ఉండగా, ఆయనే స్వయంగా ఆ సంగతి చెప్పుకుని బాధపడ్డారు. అంతటి తిండిపోతు మీ లూర్‌ని చూసి మొహం తిప్పుకుంటోందంటే తప్పెవరిది?

సైజు చెప్తాను, రాసుకోండి. 1/32 ఔన్సు జిగ్, అంటే తలకి చిన్న గుండు పోసిన ముల్లు. బరువు గ్రాముకి కాస్త తక్కువ, పాత కంసాలి తూకంలో ఏడెనిమిది గురివింద గింజలు. నీళ్లు చల్లగా ఉండి చేపలు బద్ధకిస్తుంటే 1/64, అంటే అందులో సగం. దాని మీద అంగుళం, మహా అయితే అంగుళంన్నర ప్లాస్టిక్ పురుగు. ముల్లు 8 లేదా 10 నంబరు. ఇక్కడ నా పరువు సంగతి కూడా చెప్పాలి. గాలం ముల్లుకి నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, కానీ పక్కన గీత గీసి సున్నా పెడితే లెక్క తిరగబడుతుంది. అది తెలియక మొదట్లో నేను 8 బదులు 8/0 ఆర్డర్ పెట్టాను. పార్సిల్ విప్పితే కొడవళ్లు దిగాయి. మా ఆవిడ చూసి "కర్టెన్లకా?" అంది.

సిగ్గుచేటేమిటంటే ఇది నాకు పదేళ్ల వయసులోనే తెలుసు. ఆకివీడు దగ్గర పంట కాలవలో పరిగెలు పట్టేవాళ్లం. జీలుగు బెండు, చిన్న ముల్లు, ఎర్రని (వానపాముని) గోటితో తుంచి ముల్లు కొస కప్పడేంత గుచ్చేవాళ్లం. మొత్తం ఎర్రని వేలాడదీస్తే పక్కనున్న పెద్దాయన "చేపలకి భోజనాలు పెడుతున్నావేంట్రా" అని నవ్వేవాడు. అలాంటి మేమే అమెరికా వచ్చి, జీతం చేతిలో పడి, టాకిల్ షాపు తలుపు తెరవగానే బుర్రని పార్కింగ్‌లో వదిలేసి లోపలికి వెళ్తాం. నేను మొదటి ఏడాది రెండు వందల ముక్కల పెట్టె కొన్నాను. ఒక ఆదివారం కూర్చుని లెక్కపెడితే బ్లూగిల్ నోట్లో పట్టేవి పదకొండు. అవి కూడా మిగల్లేదు. రకరకాల రబ్బరు పురుగుల్ని ఒకే అరలో కలిపేసి ఆగస్టు ఎండలో కారు డిక్కీలో వదిలేశాను. తెరిచేసరికి పాకం. వేరే వేరే రకాల ప్లాస్టిక్ ఒకదానికొకటి తగిలితే కరిగిపోవచ్చని నాకెవరు చెప్పారు? ఏ ప్యాకెట్‌వి ఆ ప్యాకెట్‌లోనే ఉంచండి.

ఇక రంగులు. గ్రూపుల్లో సగం గొడవలు వీటి మీదే. నన్నడిగితే షాపు గోడ మీది ఆ నలభై రంగులు మనుషుల్ని పట్టడానికి. నా దగ్గర ఉన్నవి మూడే. తేట నీళ్లకి తెలుపు, బురద నీళ్లకి షార్ట్‌రూజ్ (అదే, మెరిసే నిమ్మపచ్చ), పొద్దు వాలాక నలుపు. చీకటి పడేటప్పుడు నలుపేమిటని వాదిస్తారు. కింది నుంచి చూసే చేపకి ఆకాశం వెలుతురు మీద నల్లటిదే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అంతకు మించి రంగు గురించి మాట్లాడే ఓపిక నాకు లేదు.

ఓపిక కావాల్సింది లాగడంలో. మనవాళ్లు రీలు తిప్పడం చూస్తే బావిలో నీళ్లు తోడుతున్నట్టు ఉంటుంది. బెండు కింద రెండడుగుల లోతున జిగ్ కట్టండి, విసిరి ఐదు లెక్కపెట్టండి, జానెడు లాగండి, ఆపండి. లాగేటప్పుడు వెంటపడుతుంది, ఆగి మెల్లగా కిందికి జారేటప్పుడు నోట్లో పెట్టుకుంటుంది. బెండు గభాలున మునగాలని చూడకండి, ఒక పక్కకి వాలినా, పడుకున్నా చేప పట్టుకున్నట్టే. అసలు అరగ్రాము జిగ్‌ని ఉత్తినే విసిరితే మీ బూట్ల దగ్గరే పడుతుంది, దాన్ని దూరం మోసుకెళ్లేది బెండు బరువే. లైను 4 పౌండ్లది, అంటే అంత బరువు లాగినా తెగనిది, చాలు. బాస్ లాంటి పెద్ద చేప కోసం ఎక్కించిన 12 పౌండ్ల లైనుకి ఈ జిగ్ కడితే అది దిగదు, చుట్టలు చుట్టలుగా వేలాడుతుంది.

పిల్లలకి ఇంత ఓపిక ఉండదు, నిజమే. వాళ్లకి చిన్న బీటిల్ స్పిన్ (పక్కన రేకు ఉన్న జిగ్) ఇవ్వండి. రేకు దానంతటదే తిరుగుతుంది, మెల్లగా చుట్టుకుంటూ వస్తే చాలు. మూడు ముళ్ల స్పిన్నర్లు మాత్రం ఇవ్వకండి. అంత చిన్న నోట్లో మూడు ముళ్లు దిగబడితే తీసేటప్పటికి చేప పని అయిపోతుంది, ఒక్కోసారి మీ వేలి పని కూడా.

నాకు ప్రాణం మాత్రం పాపర్, నీళ్ల మీద తేలుతూ కుదిపితే చప్పుడు చేసే లూర్. మే, జూన్ నెలల్లో గాలి ఆగి చెరువు అద్దంలా ఉండే ఆ అరగంట కోసం నేను ఆఫీసు మీటింగులు జరిపిన రోజులున్నాయి. గింజంత పాపర్‌ని గట్టు నీడలో పడేసి, అలలు పూర్తిగా చెదిరిపోయేదాకా ముట్టుకోను. తర్వాత ఒక్క చిన్న కుదుపు. 'టుప్' మంటుంది. కింద ఒక నీడ కదులుతుంది, పైకి వస్తుంది, ఆగుతుంది. అప్పుడు మళ్లీ లాగాలని చెయ్యి దురద పెడుతుంది, లాగకూడదు. ముద్దు పెట్టినంత చప్పుడుతో పాపర్ మాయమవుతుంది. ఆ తర్వాత అరచేయంత చేప తన పళ్లెంలాంటి ఒంటిని నీళ్లకి అడ్డం తిప్పి గుండ్రంగా తిరుగుతుంటే రాడ్డు వంగే వంపు చూడాలి. అలబామాలో కెటోనా లేక్‌లో 1950లో పట్టిన 4 పౌండ్ల 12 ఔన్సుల బ్లూగిల్‌దే ఇప్పటికీ ప్రపంచ రికార్డు. అది పడినప్పుడు ఆ మనిషి చేతులు ఏమైపోయాయో అనుకుంటూ ఉంటాను.

"ఇదంతా ఎందుకు, ఎర్రలు గుచ్చితే అయిపోతుందిగా" అంటారు. అవుతుంది. ఎర్రలకే ఎక్కువ పడతాయి, దబాయించను. కానీ ఎర్రని గొంతు దాకా మింగుతుంది, ప్లాస్టిక్‌ని ఎక్కువగా పెదవి దగ్గరే పట్టుకుంటుంది. వదిలేద్దామనుకున్న చేప వదిలాక బతకాలి కదా. రెండో కారణం ఇంట్లోది. ఎర్రల డబ్బా ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి పక్కన పెట్టాను. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు మూత తీశారు. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం. మధ్యేమార్గంగా వాసన పట్టించిన మెత్తటి ఎరలు డబ్బాల్లో దొరుకుతాయి, చిన్న ముక్క జిగ్ కొసకి గుచ్చితే చేప ఇంకో క్షణం ఎక్కువ పట్టుకుంటుంది. మూత బిగించడం మర్చిపోతే మాత్రం ఎండిపోయి రాళ్లవుతాయి.

పాన్‌ఫిష్ అన్నీ ఒకే జాతి కాదు. క్రాపీ నోరు పెద్దది, చిన్న చేపల్ని తింటుంది, దానికి రెండంగుళాల ట్యూబ్ (బోలు గొట్టంలాంటి మెత్తటి లూర్) ఇవ్వొచ్చు. పెదవి మాత్రం అప్పడం, గట్టిగా లాగితే చిరుగుతుంది. రెడియర్ అడుగున నత్తల్ని నమిలే చేప, దాని కోసం జిగ్‌ని నేల మీదే పాకించాలి. గ్రీన్ సన్‌ఫిష్‌కి ఒంటికి మించిన నోరు, ఏది వేసినా మింగుతుంది. పైన చెప్పిన క్రాంక్‌బెయిట్ కుర్రాడికి దొరికితే అదే దొరకాలి.

ఇంకో మాట, తిట్టుకున్నా సరే. వేసవి మొదట్లో నీళ్లడుగున పళ్లేల్లాంటి గుంటలు పక్కపక్కనే కనిపిస్తే అవి గూళ్లు. ముదురు రంగు మగచేపలు కాపలా కాస్తుంటాయి, ఏది ముందుకొచ్చినా కొడతాయి. అక్కడ బకెట్ నింపేయడం గొప్ప కాదు. వేపుడుకి మధ్య సైజువి నాలుగు తీసుకుని పెద్దవాటిని వదిలేయండి. 17 ఏళ్లు నిండినవాళ్లు టెక్సస్‌లో లైసెన్సు తీసుకోవాలని కూడా వేరే చెప్పించకండి.

నిన్నటి కుర్రాడికి నా 1/32 జిగ్ ఒకటిచ్చాను, తెల్లది. మూడో విసురుకి పడింది. "ఇంత చిన్నదా అన్నా" అన్నాడు, చేప గురించో లూర్ గురించో తెలియలేదు. ఆ రెండు వందల ముక్కల పెట్టె ఇంకా మా గ్యారేజీలోనే ఉంది. ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్లండి, ఆ కొడవళ్లు కూడా ఇస్తాను.