ముందు గోడ, ఆ తర్వాతే టైట్ ఎండ్

2025 ఏప్రిల్ 24 రాత్రి గ్రీన్ బేలో జరిగిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, న్యూయార్క్ జెట్స్ వంతు వచ్చేసరికి పెన్ స్టేట్ యూనివర్సిటీ టైట్ ఎండ్ టైలర్ వారెన్‌ను ఇంకా ఎవరూ తీసుకోలేదు. అంతకు ముందు కొన్ని వారాలుగా జెట్స్ అభిమానుల్లో చాలామంది అతని పేరే కలవరిస్తున్నారు. జట్టు మాత్రం ఏడో ఎంపికతో మిస్సోరీ యూనివర్సిటీ టాకిల్ అర్మాండ్ మెంబూను తీసుకుంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలిచే లైన్‌లో అంచున ఆడేవాడే టాకిల్. ముందటేడాదీ ఇదే జరిగింది. జార్జియా టైట్ ఎండ్ బ్రాక్ బవర్స్ అందుబాటులో ఉండగానే జట్టు పదకొండో ఎంపికతో ఓలు ఫషాను అనే టాకిల్ వైపు మొగ్గింది. న్యూజెర్సీలో స్థిరపడి, పిల్లల పుణ్యమా అని ఈ జట్టును సొంతం చేసుకున్న నాకు ఆ రెండు రాత్రులూ మనసు చివుక్కుమన్నది. అయినా రెండుసార్లూ జట్టు చేసిందే సరైన పని అని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

ఈ ఆటను కొత్తగా చూస్తున్నవారికి టైట్ ఎండ్ అంటే ఏమిటో చెప్పాలంటే మన క్రికెట్‌లోని వికెట్ కీపర్ బ్యాటర్‌ను గుర్తు చేయడమే తేలిక. లైన్ చివర నిలబడి ప్రత్యర్థిని ఒంటితో అడ్డుకోవడం ఒక పని, అక్కడి నుంచే పరుగు తీసి పాస్ అందుకోవడం మరో పని. రెండూ నిజంగా వచ్చినవాడు దొరికితే డిఫెన్స్‌కు దిక్కు తోచదు. అతని కోసం బరువైన లైన్‌బ్యాకర్‌ను దింపితే వేగంతో దాటేసి బంతి పడతాడు, తేలికైన డిఫెన్సివ్ బ్యాక్‌ను దింపితే అతణ్ణి పక్కకు నెట్టి వెనుక వచ్చే రన్నర్‌కు దారి చేస్తాడు. 2024 అక్టోబర్‌లో లాస్ ఏంజెలిస్‌లో యూఎస్‌సీ యూనివర్సిటీతో జరిగిన మ్యాచ్‌లో వారెన్ 17 క్యాచ్‌లతో 224 గజాలు సాధించాడు. అందులో ఒక ఎత్తుగడ మరీ విచిత్రం. లైన్ మధ్యలోని సెంటర్ స్థానంలో వంగి బంతిని తనే వెనక్కి అందించాడు, లేచి ముందుకు పరుగెత్తాడు, చివరికి మైదానం కొసన ఉండే ఎండ్ జోన్‌లో గాల్లోకి ఎగిరి అదే బంతిని పట్టుకుని టచ్‌డౌన్ స్కోరు చేశాడు. అది చూసిన అభిమాని అతణ్ణి కోరుకోవడంలో తప్పేమీ లేదు.

కానీ డ్రాఫ్ట్ ఐపీఎల్ వేలం వంటిది కాదు. వేలంలో ఆటగాణ్ణి బట్టి ధర పలుకుతుంది, ఇక్కడ లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2011 నాటి ఒప్పందం తర్వాత ఎంపిక సంఖ్యే దాదాపుగా ధరను నిర్ణయిస్తుంది. ఏడో ఎంపికగా వచ్చినవాడు టాకిల్ అయినా, టైట్ ఎండ్ అయినా తొలి నాలుగేళ్ల జీతంలో పెద్ద తేడా ఉండదు. కాబట్టి బయటి మార్కెట్లో ఎవరు ఎక్కువ ఖరీదో వారిని డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న జట్టుకే లాభం. 2021 డ్రాఫ్ట్‌నే చూద్దాం. అట్లాంటా ఫాల్కన్స్ నాలుగో ఎంపికతో కైల్ పిట్స్‌ను తీసుకుంది, అంత ముందుగా ఎంపికైన టైట్ ఎండ్ చరిత్రలో మరొకరు లేరు. వెంటనే ఐదో ఎంపికలో రిసీవర్ (పాస్‌లు అందుకోవడమే ప్రధాన పనిగా ఆడేవాడు) జమార్ చేజ్, ఏడో ఎంపికలో టాకిల్ పెనే స్యూయెల్ వెళ్లిపోయారు. తర్వాత చేజ్ ఏడాదికి 4 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందం, స్యూయెల్ 2.8 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. టైట్ ఎండ్‌లలో అగ్రశ్రేణికి చెందిన జార్జ్ కిటిల్‌కు 2025లో దక్కింది ఏడాదికి సుమారు 1.9 కోట్లు.

పిట్స్‌కు ప్రతిభ లేదనడం అన్యాయం. తొలి సీజన్‌లోనే 1,026 గజాలు సాధించాడు, 1961లో మైక్ డిట్కా తర్వాత ఆడిన మొదటి ఏడాదే వెయ్యి దాటిన తొలి టైట్ ఎండ్ అతనే. అయితే ఆ ఏడాది మొత్తానికి వచ్చిన టచ్‌డౌన్ ఒక్కటే. తర్వాతి మార్చిలో ఫాల్కన్స్ తమ క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయన్‌ను ఇండియానాపొలిస్ జట్టుకు పంపేసింది, ఆ సీజన్‌లోనే పిట్స్ మోకాలికి దెబ్బ తగిలింది. బంతి విసిరేవాడే కుదురుగా లేనప్పుడు పట్టుకునేవాడు ఎంత గొప్పవాడైతే ఏం లాభం?

ఈ పాఠాన్ని అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించి నేర్చుకున్న జట్టు డెట్రాయిట్ లయన్స్. 2014లో పదో ఎంపికను టైట్ ఎండ్ ఎరిక్ ఎబ్రాన్‌పై ఖర్చు చేసింది, మూడు స్థానాల తర్వాత, డిఫెన్స్‌లో దిగ్గజంగా ఎదిగిన ఆరన్ డోనల్డ్ వేరే జట్టుకు వెళ్లాడు. 2019లో మళ్లీ ఎనిమిదో ఎంపికతో టి.జె. హాకెన్సన్‌ను తెచ్చుకుని, 2022లో మిన్నెసోటా జట్టుకు ఇచ్చేసింది. ఈలోగా స్యూయెల్ వచ్చాడు, లైన్ గట్టిపడింది, జేరెడ్ గాఫ్ రూపంలో క్వార్టర్‌బ్యాక్ స్థిరపడ్డాడు. అప్పుడు, 2023లో, రెండో రౌండ్‌లో 34వ ఎంపికగా వచ్చిన శామ్ లపోర్టా తొలి ఏడాదే 86 క్యాచ్‌లు, 10 టచ్‌డౌన్లు చేశాడు, జట్టు లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ దాకా వెళ్లింది. ముగ్గురూ టైట్ ఎండ్‌లే, ముగ్గురినీ తీసుకున్నది ఒకే జట్టు. మారింది వారి చుట్టూ ఉన్న జట్టు.

డ్రాఫ్ట్ క్రమం ఓడినవారికి ముందు వంతు ఇస్తుంది కాబట్టి తొలి పదిలో ఎంపిక చేసే జట్లలో ఎక్కువ భాగం లైనో, క్వార్టర్‌బ్యాకో, రెండూనో లేనివే. టైట్ ఎండ్‌ను సరిగ్గా వాడుకునే స్తోమత వారికే తక్కువ. గమనిస్తే, ఈ తరంలో పేరు మోసినవారు ఆలస్యంగానే దొరికారు: ట్రావిస్ కెల్సీ మూడో రౌండ్‌లో, కిటిల్ ఐదో రౌండ్‌లో, రాబ్ గ్రాంకోవ్‌స్కీ రెండో రౌండ్‌లో.

మరి బవర్స్ సంగతేమిటి? నన్ను నిజంగా ఆలోచనలో పడేసే అభ్యంతరం ఇదే. 2024లో అతను 112 క్యాచ్‌లు పట్టాడు, తొలి ఏడాది ఏ స్థానంలో ఆడినవారూ అన్ని పట్టలేదు. గజాల్లో డిట్కా రికార్డునూ దాటేశాడు. పదమూడో ఎంపికగా అతణ్ణి తీసుకున్న లాస్ వేగస్ రైడర్స్ అతని విషయంలో ఎక్కడా పొరపడలేదు. అయినా ఆ ఏడాది ఆ జట్టు 17 మ్యాచ్‌ల్లో గెలిచింది నాలుగే. అది అతని తప్పు కాదు. టైట్ ఎండ్ చరిత్రకెక్కే సీజన్ ఆడినా జట్టు అడుగునే ఉండిపోగలదని మాత్రం దీనివల్ల తెలుస్తోంది.

జెట్స్ విషయానికొస్తే 2023 సెప్టెంబర్ 11ను ఎలా మరువగలం? ఎన్నో ఆశలతో తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాజర్స్ మెట్‌లైఫ్ స్టేడియంలో తొలి మ్యాచ్‌లో నాలుగోసారి బంతి అందుకునేసరికే ప్రత్యర్థి చేతికి చిక్కి కింద పడ్డాడు, లేచి రెండడుగులు వేయబోయి మళ్లీ నేలమీద కూర్చుండిపోయాడు. మడమ వెనుక స్నాయువు తెగింది, ఒక సీజన్ మొత్తం అక్కడితో ముగిసింది. ఆ రాత్రి చూసినవారెవరైనా టాకిల్‌లను వెంట వెంటనే రెండేళ్లు తీసుకోవడాన్ని పిరికితనం అనలేరు.

పైగా టైట్ ఎండ్ అవసరాన్ని జట్టు విస్మరించలేదు. మెంబూను తీసుకున్న మరునాడే, రెండో రౌండ్‌లో 42వ ఎంపికతో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) టైట్ ఎండ్ మేసన్ టేలర్‌ను తెచ్చుకుంది. కుడివైపు లైన్ కట్టినప్పుడు మెంబూ పక్కనే టేలర్ నిలబడతాడు. ఒకవేళ వారెన్‌ను ఏడో స్థానంలో తీసుకుని ఉంటే, 42వ స్థానం దాకా మెంబూ స్థాయి టాకిల్ మిగిలి ఉండేవాడు కాదు.