సూర్యుడికి అటక మీద చోటు

మా డాబా మీద సోలార్ ప్యానెళ్లు బిగించిన రోజున వాటి ముందు శాస్త్రోక్తంగా కొబ్బరికాయ కొట్టాం. నిరుడు వేసవిలో పక్కింటి చెట్టు నుంచి ఓ కాయ రాలి ప్యానెల్‌ని కొట్టింది. బాకీ చెల్లు. అద్దమంతా సాలెగూడులా పగిలింది కానీ ఒక్క పెంకు ఊడలేదు. "ఎంత గట్టిగా అతికించారో!" అని మా అత్తగారు మెచ్చుకున్నారు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంది. దాంతో వీధిలో మైకు పెట్టుకుని తిరిగే పాత సామాన్ల అతన్ని పిలిచాను. హైదరాబాద్‌లో రీసైక్లింగ్ శాస్త్రానికి ఆయనే ఆది ఆచార్యుడు. ప్యానెల్‌ని తిరగేసి, వేలితో తట్టి, అర నిమిషంలో పరిశోధన ముగించాడు.

"అల్యూమినియం ఫ్రేమూ, వెనక వైరూ తీస్కుంట సార్. అద్దం నేనేం జేస్కోవాలె?"

"లోపల వెండి ఉందయ్యా!"

"ఉంటే మీరే గీక్కోండి సార్."

ఆయన లెక్క తప్పు కాదు. ప్యానెల్ బరువులో డెబ్బై శాతానికి పైగా అద్దమే. వెండి వెయ్యో వంతు కూడా ఉండదు, కానీ విలువలో పెద్ద వాటా దానిదే. చిక్కల్లా మా అత్తగారు మెచ్చుకున్న ఆ జిగురుతోనే. అద్దానికీ వెనక షీటుకీ మధ్య ఎండని కరెంటుగా మార్చే సిలికాన్ సెల్స్‌ని పెట్టి, అటూ ఇటూ ఇథిలీన్ వినైల్ అసిటేట్ అనే జిగురు పొరలు వేసి, 150 డిగ్రీల దగ్గర గాలి లాగేసి నొక్కుతారు. పాతికేళ్లపాటు వాన చుక్క లోపలికి వెళ్లకూడదు కదా. చుక్క వెళ్లదు, వెండి రాదు. పాతికేళ్ల శిక్ష పూర్తయినా విడుదల లేదు.

విడిపించడానికి శాస్త్రవేత్తలు తంటాలు పడుతున్నారు. 500 డిగ్రీల్లో జిగురుని కాల్చేద్దామంటే వెనక షీటులో ఫ్లోరిన్ ఉంటే విషవాయువు వస్తుంది. పొడి కొడదామంటే అద్దమూ సిలికానూ కలిసిపోయి తరవాణీలా అవుతుంది. నైట్రిక్ యాసిడ్‌లో వెండి కరుగుతుంది, సరే, ఆ యాసిడ్‌ని ఏ నాలాలో పొయ్యాలి? మన చర్లపల్లిలోనే సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్లు పాత సర్క్యూట్ బోర్డుల్లోంచి లోహాలు తీసే పద్ధతుల మీద పనిచేస్తున్నారు. చర్లపల్లి అంటే మనకి జైలే గుర్తొస్తుంది, అది మన దౌర్భాగ్యం.

ప్రభుత్వం మాత్రం నిద్రపోలేదు. 2024 ఫిబ్రవరిలో ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టించే సూర్యఘర్ పథకం మొదలుపెట్టి మూడు కిలోవాట్లకి 78 వేల దాకా సబ్సిడీ ఇస్తోంది. దించడానికేమిస్తారని ఇప్పుడే అడగడం పెళ్లి పందిట్లో విడాకుల ఖర్చు అడిగినట్టుంటుంది. అయినా దానికీ నిబంధన ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్యానెళ్లనీ చేర్చారు. 2034-35 వరకు పోగయ్యే ప్యానెళ్ల చెత్తని తయారీదారులు నిల్వ చెయ్యాలట.

నిల్వ! ఆ మాట చదివి నా కళ్లు చెమ్మగిల్లాయి. తెలుగువాడి ప్రధాన విద్యని చట్టం గుర్తించడం ఇదే మొదటిసారి. మా అటక మీద మోటారు లేని కూలరుంది, మూత లేని కుక్కరుంది, కుక్కరు లేని మూత ఉంది, 'ఎప్పటికైనా పనికొస్తుంది' అన్న ఒక్క సూత్రం మీద మూడు తరాల సామాను ఉంది. కంపెనీలకి గోడౌన్ల టెన్షన్ ఎందుకు? జంటనగరాల అటకలన్నిటినీ జాతీయ నిల్వ కేంద్రాలుగా ప్రకటించి, అద్దె మాకిస్తే సరిపోతుంది. తేళ్లూ బొద్దింకలూ ఉచిత కాపలా.

దరఖాస్తు ఇంకా పెట్టలేదు. ముందు పగిలిన ప్యానెల్‌ని అటకెక్కిద్దామని నిన్న మేడ మీదికి వెళ్తే, అత్తగారు దానిమీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టి ఉన్నారు.

"కదపకు నాయనా, ఇంకో రెండెండలు కావాలి," అన్నారు.