ఆవుకి మేత ఎక్కడిదని ముందు అడగాలి కదండీ

పేదలకి సాయం చేసేముందు వాళ్ల దగ్గర ఏమున్నాయో చూడమనే సుస్థిర జీవనోపాధుల పద్ధతి కాగితం మీదే బాగుంటుంది, అమలులో తేలిపోతుందని ఒక వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. 1992లో ఈ పద్ధతి గురించి పరిశోధకులు రాబర్ట్ చాంబర్స్, గోర్డన్ కాన్వే చెప్పింది చాలా సూటిగా ఉంది: కరువో జబ్బో వచ్చి దెబ్బ తీసినా తట్టుకుని మళ్లీ లేవగలిగితేనే అది నిలకడైన బతుకుతెరువు. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మన ఉమ్మడి రాష్ట్రంలోనే అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో వాన నీటిని, మట్టిని కాపాడే వాటర్‌షెడ్ పనులకు దీన్ని జోడించారు. మా చిత్తూరు అందులో లేదు.

మాది పలమనేరు దగ్గర పల్లె. మా అమ్మకి ఒక పథకంలో లోను మీద జెర్సీ ఆవు ఇచ్చారు. మొదట్లో పాలు బాగానే ఇచ్చింది, కానీ ఎండాకాలం వచ్చేసరికి బోరు ఎండిపోయి, పచ్చిమేత లేక, వరిగడ్డి కొనడానికే పాల డబ్బంతా అయిపోయేది. అమ్మ తెల్లారకముందే కొడవలి పట్టుకుని చెరువు కట్ట మీదికి పోయేది, గోనెసంచి సగం కూడా నిండేది కాదు. ఆ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్రపోయేది కాదు. చివరికి ఆవుని సంతలో అమ్మేసి, మిగిలిన కంతులు కూలి డబ్బుతో కట్టాం. ఇందులో పద్ధతి తప్పేముందండీ? నీళ్లు, భూమి, చేతిలో డబ్బు, మనిషికి వచ్చిన పని, ఇరుగుపొరుగు అండ, అన్నీ చూసి మొదలుపెట్టమనే కదా అది చెప్పేది. ఒక్కరైనా ఇంటికొచ్చి అడిగుంటే, నాలుగు గొర్రెలు ఇప్పించండి, గుట్ట మీదికి తోలుకుంటానని అమ్మే చెప్పేది.